ఇదేమిటో చెప్పుకోండి! సైలెన్సరు పక్కన చిన్న డబ్బా



పోయిన నెల ఈ పేజీలో ఒక బొమ్మ వేసి, "ఇదేమిటో చెప్పుకోండి" అన్నాం. జ్ఞాపకం ఉన్నదా? అరచేతిలో ఇమిడే గుండ్రని రేకు డబ్బా. రెండు సాసర్లను ఒకదానిమీద ఒకటి బోర్లించి, అంచులు నొక్కేసినట్టు ఉంటుంది. దాని వీపునుంచి వేలికన్నా సన్నటి రబ్బరు గొట్టం ఒకటి బయలుదేరి ఎటో వెళ్ళిపోతుంది. పొట్టలోనుంచి ఒక ఇనుప కడ్డీ బయటికి వస్తుంది. ఒక స్పోర్ట్స్ కారు కింద, పొగగొట్టం చివర, సైలెన్సరును ఆనుకుని ఉన్నదని మాత్రం చెప్పి ఊరుకున్నాం.

చాలా ఉత్తరాలు వచ్చినవి. "కారు హారన్" అన్నవారే ఎక్కువ. గుండ్రంగా ఉన్నది గదా అని అలా అనుకుని ఉంటారు. కొందరు "పెట్రోలు వడగట్టే డబ్బా" అన్నారు. ఒక చిన్నవాడు "పొగ తాగే యంత్రం" అని రాశాడు. ఆ మాట మాకు భలే నచ్చింది గాని, జవాబు మాత్రం అది కాదు. ఇంకొక అమ్మాయి వాళ్ళ నాన్నగారిని అడిగి, ఆయన చెప్పినది చెప్పినట్టు రాసి పంపింది: "దానివల్ల ఏం ప్రయోజనమూ కనబడటం లేదు. ఊడదీసి పారేస్తే సరి!"

తప్పు చెప్పినవారిమీద మాకు కోపమేమీ లేదు. తప్పులు చెప్పటానికే గదా ఈ పేజీ! కాని ఆ చివరి జవాబు సంగతి వేరు. పొగగొట్టం పొడుగునా ఉండే భాగాలు కొన్ని చూడటానికి ఇలాగే ఏ ప్రయోజనమూ లేనట్టు ఉంటవి. వాటిలో ఒకదాన్ని ఊడదీస్తే ఊరి గాలి విషమవుతుంది. మరొకదాన్ని ఊడదీస్తే కారులో కూర్చున్నవారి ప్రాణానికే ముప్పు రావచ్చు. అందుచేత ఈసారి జవాబు ఒక్క ముక్కలో చెప్పటం లేదు. ఆ డబ్బా పేరు ఎవరూ మనకు చెప్పలేదనుకుని, దాన్ని చూసి, అది ఏం పని చేస్తుందో మనమే కనిపెడదాం.

ముందు ఆ కారు ఏదో చెప్పాలి. దాని పేరు షెవర్లే కార్వెట్ జడ్ 06. 2006 నుంచి 2013 దాకా వచ్చిన మోడలు అది. అమెరికాలో కెంటకీ రాష్ట్రంలో బౌలింగ్ గ్రీన్ అనే ఊరున్నది. అక్కడి కర్మాగారంలో తయారయింది. కార్వెట్ల వంశం పాతదే. మొట్టమొదటిది 1953లో పుట్టింది. ఆ ఏడాది చేసినవన్నీ కలిపి 300 కార్లే! వాటికి 6 సిలిండర్ల ఇంజను ఉండేది. మనం చెప్పుకునే ఈ మనమడికి 8 సిలిండర్లు, 7 లీటర్ల ఇంజను, 505 గుర్రాల బలం. ఈ ఇంజను నిమిషానికి 7,000 చుట్లు తిరగగలదు. ఈ అంకెలు కాస్త గుర్తుంచుకోండి, తర్వాత పని పడుతుంది.

కొత్త ఊళ్ళో ఒక మనిషి ఎవరో తెలియకపోతే ఏం చేస్తాం? ఇరుగుపొరుగులను అడుగుతాం. యంత్రాల విషయంలోనూ అంతే. మన డబ్బా దగ్గరికి నేరుగా పోకుండా, ఇంజను దగ్గర బయలుదేరి పొగగొట్టం వెంట నడిచి వద్దాం.

ఇంజను పక్కన మొదట కనబడేవి చేతివేళ్ళలాంటి గొట్టాలు. ఇటు 4, అటు 4. సిలిండర్లలో పెట్రోలు కాలగా వచ్చిన వేడి వాయువులు వీటిగుండా బయటికి వస్తవి. వేళ్ళు అరచేతిలో కలిసినట్టు, ఏ పక్కవి ఆ పక్క కలిసి ఒక్క లావు గొట్టం అవుతవి. ఇందులో తికమక ఏమీ లేదు.

కొంచెం ముందుకు వస్తే, గొట్టానికి స్పార్కుప్లగ్గులాంటిది ఒకటి మరబిగించి ఉంటుంది. దాని తోకకు విద్యుత్తు తీగలు ఉంటవి. పొగగొట్టంలో స్పార్కుప్లగ్గు ఎందుకు? అది ప్లగ్గు కాదు, ముక్కు! వాయువులలో ప్రాణవాయువు ఎంత మిగిలిందో అది వాసన చూసి ఇంజనుకు కబురు చేస్తుంది. ప్రాణవాయువు మరీ మిగిలితే పెట్రోలు చాలటం లేదన్నమాట. అసలు మిగలకపోతే పెట్రోలు దండగ అవుతున్నదన్నమాట. జర్మనీలోని బాష్ కంపెనీవారు చేసిన ఈ ముక్కును మొట్టమొదట 1976లో స్వీడన్ దేశపు వోల్వో కార్లకు పెట్టారు.

దాని తర్వాత వచ్చేది పొట్ట ఉబ్బిన రేకు పెట్టె. పైకి చూస్తే ఇంకొక సైలెన్సరేమో అనిపిస్తుంది. చాలామంది అలాగే మోసపోతారు. దీని దగ్గర ఒక్క నిమిషం ఆగక తప్పదు. ఈ పెట్టెలో తేనెపట్టులాగా వేలకొద్దీ సన్నటి కన్నాలుంటవి. ఆ కన్నాల గోడలకు ప్లాటినం, పల్లాడియం, రోడియం అనే ఖరీదైన లోహాలను పల్చగా పూసి ఉంచుతారు. విషవాయువులు వేడివేడిగా వాటిని రాసుకుంటూ పోయేటప్పుడు, కార్బన్ మోనాక్సైడు అనే విషం బొగ్గుపులుసు వాయువుగా మారిపోతుంది. కాలకుండా మిగిలిన పెట్రోలు ఆవిరి నీరూ, బొగ్గుపులుసు వాయువూ అవుతుంది. ఇంత జరిగినా ఆ లోహాలు ఖర్చు కావు! పెళ్ళిళ్ళ పేరయ్య సంబంధాలు కుదిర్చి తాను మాత్రం పక్కన నిలబడ్డట్టు, అవి అలాగే ఉంటవి. ఇలా పనిచేసే పదార్థాలను ఉత్ప్రేరకాలు అంటారు.

ఈ పెట్టెకోసం మొదట పాటుపడినవారిలో ఫ్రాన్సు దేశంలో పుట్టిన యూజీన్ హూడ్రీ ముఖ్యుడు. ఆయన అమెరికాలో స్థిరపడ్డాడు. 1950 ప్రాంతాల లాస్ ఏంజెలెస్ నగరంలో కార్ల పొగ, ఎండ కలిసి కళ్ళు మండించే మంచులా కమ్ముకునేది. హూడ్రీ ఆ సంగతి పట్టించుకుని ఉత్ప్రేరకపు పెట్టెను తయారుచేశాడు. కాని ఆ రోజులలో పెట్రోలులో సీసం కలిపేవారు. సీసం వచ్చి లోహాలమీద పేరుకుని వాటిని పనికిరాకుండా చేసేది. 1962లో హూడ్రీ చనిపోయేనాటికి ఆయన పెట్టె కార్లలోకి ఎక్కనేలేదు. 1975 మోడలు నుంచి, సీసం లేని పెట్రోలుతోపాటు, అమెరికా కార్లకు అది వచ్చింది. మన దేశంలో 1995లో మొదట ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసులలో సీసం లేని పెట్రోలు అమ్మటం మొదలుపెట్టి, కొత్త కార్లకు ఈ పెట్టె ఉండాలన్నారు. 2000 నాటికి దేశమంతటా సీసం లేని పెట్రోలే.

"ఊడదీస్తే సరి" అన్న నాన్నగారు ఒకవేళ ఈ పెట్టెను గురించి ఆ మాట అని ఉంటే ఎంత ప్రమాదమో చూశారా? కారు ఏ లోటూ లేకుండా నడుస్తుంది. వెనక నడిచేవాళ్ళు మాత్రం విషం పీలుస్తారు. అన్నట్టు, ఈ పెట్టెను ఊడదీసేవారు ఇంకొకరు కూడా ఉన్నారు. వాళ్ళు దొంగలు! లోపలి లోహాలకోసం రాత్రిళ్ళు కార్ల కిందికి దూరి కోసుకుపోతారు. దాని విలువ మెకానిక్కులకన్నా దొంగలకే ముందు తెలిసినట్టున్నది.

సరే, నడక సాగిద్దాం. కారు వెనక భాగానికి వచ్చేశాం. ఇక్కడ రెండు పెద్ద సైలెన్సర్లు ఉన్నవి. ఒక్కొక్కదానికి రెండేసి తోకగొట్టాలు. మొత్తం 4 గొట్టాలు కారు వెనక నడిమిన వరసగా కనబడతవి. ఆ సైలెన్సరు పక్కనే మన డబ్బా ఉన్నది. దాన్ని ఇప్పుడు పోలీసు డిటెక్టివులా పరీక్షిద్దాం.

డబ్బాకు ఉన్నది రబ్బరు గొట్టం. పొగగొట్టం వేడికి రబ్బరు ఆగదు. కనక ఆ సన్నగొట్టంలో వేడి వాయువు ప్రవహించటం లేదు. పోనీ పెట్రోలు వస్తున్నదా? మండే వేడి పక్కకు ఎవరైనా పెట్రోలు తెస్తారా? "పెట్రోలు వడగట్టే డబ్బా" అన్నవారు ఇక్కడ ఓడిపోయారు.

డబ్బాకు విద్యుత్తు తీగ ఒక్కటీ లేదు. తీగ లేకపోతే హారన్ మోగదు. ఇందాకటి ముక్కులాగా కబురు పంపనూ లేదు. కాబట్టి ఇది చెప్పేదీ కాదు, అరిచేదీ కాదు. ఏదో చేసేది అయి ఉండాలి.

ఏం చేస్తుంది? కడ్డీని చూడండి. అది డబ్బాలోనుంచి వచ్చి ఒక చిన్న మీటకు తగులుకుని ఉన్నది. ఆ మీట ఒక ఇరుసుకు బిగించి ఉన్నది. ఆ ఇరుసు ఎటు పోయింది? తోకగొట్టం గోడను తొలుచుకుని లోపలికి పోయింది! కారు చల్లారి ఉన్నప్పుడు గొట్టంలోకి టార్చిలైటు వేసి చూస్తే రహస్యం బయటపడుతుంది. ఇరుసుకు రూపాయి బిళ్ళలా గుండ్రంగా, గొట్టమంత వెడల్పున ఒక రేకు ఉన్నది. మీట తిరిగితే ఆ రేకు తిరుగుతుంది. అడ్డంగా తిరిగితే గొట్టం మూసుకుంటుంది, నిలువుగా తిరిగితే తెరుచుకుంటుంది. అంటే అది తలుపు. మన డబ్బా ఆ తలుపు తీసి, మూసే ద్వారపాలకుడు!

ఇంతవరకు వచ్చామా? ఇక మిగిలింది రబ్బరు గొట్టం. దాన్ని పట్టుకుని వెనక్కు పోతే, మధ్యలో ఒక చిన్న విద్యుత్తు కవాటం దాటి, చివరకు ఇంజను గాలి పీల్చుకునే వైపు చేరుతుంది. గాలి పీల్చే చోట ఏమున్నది, గొట్టం వేసి తెచ్చుకోవటానికి? ఏమీ లేదు! ఆ "ఏమీ లేకపోవటాన్నే" ఈ గొట్టం తెస్తున్నది.

ఇది వేళాకోళం కాదు. ఇంజను నెమ్మదిగా నడిచేటప్పుడు దాని గాలిద్వారం దాదాపు మూసి ఉంటుంది. లోపల పిస్టన్లు మాత్రం గాలికోసం గుంజుతూనే ఉంటవి. మీరు సీసా మూతికి నోరు ఆనించి గాలి లాగేస్తే పెదవులు సీసాలోకి పీక్కుపోతవి గదా, అలాగే అక్కడ గాలి పల్చబడి, పీడనం బయటి వాతావరణంలో సగానికన్నా కూడా తక్కువ అవుతుంది. దీన్నే వాక్యూం అంటారు. శూన్యం అనవచ్చు గాని, పూర్తి శూన్యం కాదు. సగం శూన్యం అనుకోండి.

ఇది తలుపు ఎలా మూస్తుందో మీరే ఇంట్లో చేసి చూడవచ్చు. ఖాళీ ప్లాస్టిక్ నీళ్ళ సీసా ఒకటి తీసుకోండి. గట్టిరకం అయితే మంచిది. అమ్మనో నాన్ననో అడిగి అడుగుభాగం కోయించండి. ఒక బెలూనును చీల్చి, ఆ కోసిన చోట తబలాకు చర్మం బిగించినట్టు లాగి, దారంతో గట్టిగా కట్టండి. పొర నడిమిన ఒక అగరువత్తి పుల్లను బంకతో నిలబెట్టండి. ఆరిన తర్వాత సీసా మూతివైపు నోరుపెట్టి గాలి పీల్చండి. పొర లోపలికి పోతుంది, దానితో పుల్లా లోపలికి పోతుంది. వదిలేయండి, పుల్ల మళ్ళీ బయటికి వస్తుంది. మీరు చేసింది ఏమిటో తెలుసునా? పోయిన నెల మేం వేసిన బొమ్మే! సీసా డబ్బా, పుల్ల కడ్డీ, మీ నోరు 7 లీటర్ల ఇంజను. అసలు డబ్బాలో పొరను వెనక్కు నెట్టటానికి ఒక స్ప్రింగు కూడా ఉంటుంది. ఇప్పుడు గుండుసూదితో పొరకు ఒక చిల్లి పెట్టి మళ్ళీ పీల్చి చూడండి. ఏమయిందో మేం చెప్పం.

"ఇంత పల్చటి పొర ఇనుప తలుపును లాగగలదా?" అని మీకు సందేహం రావచ్చు. లెక్క వేద్దాం. మనచుట్టూ ఉన్న గాలి ప్రతి చదరపు సెంటీమీటరు మీద సుమారు ఒక కిలో బరువుతో నొక్కుతుంది. పొర అడ్డకొలత 5 సెంటీమీటర్లు అనుకుంటే దాని వైశాల్యం 20 చదరపు సెంటీమీటర్లకు కొంచెం తక్కువ. ఒకవైపు పూర్తి గాలి, రెండోవైపు సగం గాలి. తేడా ఎంత? దాదాపు 10 కిలోలు! నీళ్ళు నింపిన చిన్న బకెట్టును కడ్డీకి వేలాడదీసినట్టన్నమాట. లాగేది పొర కాదు పిల్లలూ, బయటి గాలే నెడుతున్నది. పొర దానికి ఒక చోటు ఇచ్చింది, అంతే.

ఇక అసలు ప్రశ్న. పొగ పోయే గొట్టానికి తలుపు ఎందుకు?

ఇందాకటి అంకెలు బయటికి తీయండి. ఈ ఇంజనులో ఒక్కొక్క సిలిండరు రెండు చుట్లకు ఒకసారి పొగ వదులుతుంది. 8 సిలిండర్లు గనక చుట్టుకు 4 సార్లు. నిమిషానికి 1,500 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 25 చుట్లు, అంటే 100 పొగ పోట్లు. ప్రతి పోటూ ఒక చిన్న టపాకాయే. టపాకాయలు సెకనుకు 100 పేలితే అది చప్పుడుగా కాక బొంగురు రాగంగా వినబడుతుంది. 7,000 చుట్ల దగ్గర సెకనుకు 466 పేలతవి. రాగం హెచ్చుస్థాయికి పోతుంది.

ఈ రాగాన్ని సైలెన్సరు మింగాలి. అందులో గదులు, చిల్లుల గొట్టాలు ఉంటవి. శబ్దతరంగాలు గోడలకు కొట్టుకుని వెనక్కు వచ్చి, ఎదురుగా వచ్చే తరంగాలతో ఢీకొని అణగిపోతవి. కొంత శబ్దం మెత్తటి పీచులో ఇంకిపోతుంది. వంకరటింకర దారి అయినకొద్దీ నిశ్శబ్దం ఎక్కువ. కాని వంకర దారిలో పొగ కూడా నెమ్మదిగానే పోగలదు. అక్కడ వచ్చింది చిక్కు!

7 లీటర్ల ఇంజను 7,000 చుట్ల దగ్గర, గాలిద్వారం పూర్తిగా తెరిచి ఉంటే, సెకనుకు సుమారు 400 లీటర్ల గాలి పీలుస్తుంది. మన వీధుల్లో నీళ్ళు పట్టే పెద్ద డ్రమ్ములు చూశారు గదా, అలాంటివి రెండు ఒక్క సెకనులో ఖాళీ! లోపల కాలి వేడెక్కాక అదే గాలి రెండింతలకు పైగా ఉబ్బుతుంది. అదంతా వెనకనుంచి బయటపడాలి. బడి వదిలినప్పుడు పిల్లలందరూ ఒక్క తలుపు రెక్కలోనుంచి రావలసివస్తే ఏమవుతుందో మీకు వేరే చెప్పాలా? పొగ వెనక్కు తన్నుతుంది, ఇంజను బలం తగ్గుతుంది. అలాగని రెక్కలన్నీ ఎప్పుడూ తీసే ఉంచితే, తెల్లవారుజామున కారు బయటికి తీసేసరికి వీధి వీధంతా లేచి కూర్చుంటుంది.

అందుకని ఈ తలుపు. కారు ఊళ్ళో మెల్లగా పోయేటప్పుడు ఇంజనులో వాక్యూం ఉంటుంది. అది పొరను లాగుతుంది, తలుపు మూసుకుంటుంది. పొగ అంతా తలుపు లేని రెండో తోకగుండా పోతుంది. పొగ కొద్దిగానే ఉన్నది గనక ఇబ్బంది లేదు. డ్రైవరు గట్టిగా తొక్కి ఇంజను వేగం పెంచితే, ఇంజను కంప్యూటరు మధ్యలో ఉన్న విద్యుత్తు కవాటానికి ఆజ్ఞ ఇస్తుంది. డబ్బాలోకి మామూలు గాలి వస్తుంది, స్ప్రింగు కడ్డీని నెడుతుంది, తలుపు తెరుచుకుంటుంది. పొగ రెండు తోకలలోనుంచీ దూసుకుపోతుంది. కారు గర్జిస్తుంది.

కాబట్టి జవాబు ఇది: సైలెన్సరు తలుపును నడిపే వాక్యూం డబ్బా. మెకానిక్కులు వాక్యూం యాక్చుయేటరు అంటారు.

తెలివైనవారికి ఇక్కడ ఒక అనుమానం వస్తుంది. సరిగ్గా ఇలాంటి డబ్బా, ఇలాంటి కడ్డీ, ఇలాంటి రబ్బరు గొట్టం టర్బోఛార్జరు ఉన్న కార్లలో కూడా కనబడుతుంది. ఉత్తరాలు రాసినవారిలో ఇద్దరు అదే చెప్పారు కూడా. అయితే ఇది ఆ డబ్బా ఎందుకు కాదు? టర్బో డబ్బా ఇంజను పక్కన, టర్బోను అంటిపెట్టుకుని ఉంటుంది. మనది కారు తోక దగ్గర ఉన్నది. పైగా ఈ కార్వెట్‌కు టర్బో లేనే లేదు! మొహం ఒకలాగే ఉన్నంతమాత్రాన మనిషి ఒకడే కాడు, ఏ ఇంట్లో ఉంటున్నాడో చూడాలి. ఆ ఇద్దరికీ సగం మార్కులు ఇచ్చాం.

ఇంకొక ముచ్చట. వాక్యూం పోతే తలుపు ఏమవుతుంది? తెరుచుకుంటుంది. ఇంజను ఆపి ఉంచిన కారులో అది తెరిచే ఉంటుంది. అందుకే స్టార్టు చేయగానే ఒకసారి గట్టిగా అరిచి, తర్వాత సద్దుమణుగుతుంది. గొట్టం చిరిగినా, పొర చిల్లిపడినా తలుపు తెరుచుకునే ఉండిపోతుంది. ఇంజనుకు ఊపిరాడకపోవటం ఉండదు. చెడిపోయినా చెరుపు చేయకుండా ఏర్పాటు చేశారన్నమాట. ఇదే తెలివి మన రైళ్ళలో ఎన్నో ఏళ్ళు ఉండేది. మీ తాతగారిని అడగండి, పొగబండి రోజుల వాక్యూం బ్రేకు సంగతి చెబుతారు. బండి పొడుగునా ఒక గొట్టం. ఇంజను దానిలోని గాలిని లాగి ఉంచినంతసేపే బ్రేకులు వదిలి ఉంటవి. ఎవరైనా గొలుసు లాగితే గొట్టంలోకి గాలి జొరబడి బ్రేకులు పడతవి. పెట్టెలు తెగి విడిపోయినా అంతే, ఎవరూ ఏమీ చేయకుండానే బ్రేకులు పడి ఆగిపోతవి! తర్వాత వాటి స్థానంలో గాలి బ్రేకులు వచ్చినవి.

ఈ తలుపుకు ప్రభుత్వాల చట్టాలు కూడా కొంత కారణం. యూరప్‌లో కారు శబ్దాన్ని కొలిచేటప్పుడు, కారు పోయే దారికి ఏడున్నర మీటర్ల దూరంలో మైక్రోఫోను పెడతారు. అక్కడ 1970లో 82 డెసిబెళ్ళ దాకా ఒప్పుకునేవారు. 1990ల నడిమికి అది 74కు దిగింది. 8 తగ్గితే ఏముందిలే అనుకోకండి. డెసిబెళ్ళ లెక్కలో 8 తగ్గటమంటే శబ్దశక్తి సుమారు ఆరోవంతుకు పడిపోవటం. పరీక్ష జరిగే వేగంలో తలుపు మూసి ఉంచి, ఆ తర్వాత తెరుచుకునే కార్లు చాలా కంపెనీలు చేసినవి. ఇన్‌స్పెక్టరుగారు వచ్చిన పూట బుద్ధిగా కూర్చుని, ఆయన గడప దాటగానే అల్లరి మొదలుపెట్టే తరగతి మీకు తెలిసే ఉంటుంది! 2014లో యూరప్‌వారు చేసిన కొత్త నియమాలు ఈ కిటుకును కూడా పట్టుకున్నవి. పరీక్ష వేగంలోనే కాక ఇతర వేగాలలో కూడా కారు మర్యాదగా ఉండాలన్నవి.

కొందరు పెద్దవాళ్ళు ఇంకా తమాషా చేస్తారు. ఆ విద్యుత్తు కవాటపు ఫ్యూజు పీకేస్తారు. తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, కారు ఎప్పుడూ అరుస్తూనే ఉంటుంది. అది వాళ్ళకు సంగీతం! పక్కింట్లో ఉయ్యాలలో పడుకున్న పాపకు కాదు. మా మటుకు మాకు ఇది నచ్చదు. అయితే ఫ్యూజు మళ్ళీ పెట్టుకోవచ్చు. డబ్బాను, ఇరుసును కోసి పారేస్తే మాత్రం గొట్టానికి చిల్లి మిగులుతుంది. ఆ చిల్లిలోనుంచి పొగ కారు కిందనే చేరి, సందులు దొరికితే లోపలికి ఎక్కుతుంది. అందులో ఉత్ప్రేరకపు పెట్టె మింగగా మిగిలిన కార్బన్ మోనాక్సైడు కొంత ఉండవచ్చు. ముఖ్యంగా ఇంజను ఇంకా వేడెక్కనప్పుడు ఆ పెట్టె సరిగ్గా పనిచేయదు, విషం ఎక్కువగా వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తం ప్రాణవాయువుకన్నా 200 రెట్లకు పైగా గట్టిగా దాన్ని పట్టుకుంటుంది. తలుపులు మూసిన షెడ్డులో ఇంజను నడుపుతూ ఎవరూ ఉండకూడదనేది అందుకే. మీరు కారు కింద చూడాలనుకుంటే, ఇంజను చల్లారాక, బయట, పెద్దవాళ్ళతో కలిసి, దూరంగా వంగి టార్చితో చూడండి. జాకీ మీద నిలబెట్టిన కారు కిందికి ఎంతమాత్రం దూరవద్దు.

"ఊడదీసి పారేస్తే సరి" అన్న నాన్నగారికి ఈ సంచిక విడిగా పంపుతున్నాం. ఆయన ఇంకొకసారి ఉత్తరం రాస్తే ఇక్కడే అచ్చువేస్తాం.

ఇక ఈ నెల ప్రశ్న. కొన్ని కార్ల పొగగొట్టానికి పక్కగా ఒక కొమ్మ మొలిచినట్టు ఇంకొక గొట్టం ఉంటుంది. మూరెడు పొడుగు ఉండవచ్చు. దాని రెండో చివర పూర్తిగా మూసేసి ఉంటుంది. అందులోకి పోయిన పొగకు బయటికి దారి లేదు. తలుపు లేదు, డబ్బా లేదు, తీగ లేదు, కడ్డీ లేదు. ఎటూ పోని ఆ గొట్టం ఎందుకు పెట్టారు? ఒక ఖాళీ సీసా మూతికి అడ్డంగా ఊది, తర్వాత అందులో సగానికి నీళ్ళు పోసి మళ్ళీ ఊది చూడండి. జవాబులో సగం అక్కడే వినబడుతుంది. మిగతా సగం పోస్టుకార్డు మీద రాసి పంపండి.